తిరుగుడు తగ్గితేనే వైద్యం

దవాఖానల్లోకి కంప్యూటర్లు వచ్చి చాలా ఏళ్లయింది. వాటివల్ల పేద రోగికి ఒరిగిందెంత? హైదరాబాద్‌లోని చర్లపల్లి, నాచారం కార్మికవాడల్లో నిలబడి చూస్తే ఈ ప్రశ్నకు కొలబద్ద ఒక్కటే: దవాఖాన చుట్టూ తిరగాల్సిన తిరుగుళ్లలో ఎన్ని తగ్గాయి?

చర్లపల్లికీ కంప్యూటర్‌కీ పాత చుట్టరికం ఉంది. 1967లో పుట్టిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఇక్కడికి దగ్గరే. స్వదేశీ పరిజ్ఞానంతో రూపొందిన తొలితరం కంప్యూటర్లు, టీడీసీ వరుస యంత్రాలు, ఆ సంస్థ తయారుచేసినవే. పక్కనే అణు ఇంధన సముదాయం. ఉప్పల్ దారిలో జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. 2025 జనవరి 6న కొత్త రైల్వే టెర్మినల్ మొదలయ్యాక నగరానికి ఇది తూర్పు వాకిలి కూడా అయింది. ఇంత విజ్ఞానం ఒక్కచోట కుదురుకున్న ప్రాంతాలు అరుదు. ఇదే నేల మీద చర్లపల్లి, మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడల్లో వేలాది మంది లేత్ మెషీన్ల దగ్గర, రసాయనాల డ్రమ్ముల మధ్య, ప్యాకింగ్ బల్లల ముందు బతుకు వెళ్లదీస్తున్నారు. వీరిలో ఒకరికి షుగర్ వచ్చిందనుకుందాం. గల్లీలోని ఆర్ఎంపీ దగ్గర అనుమానం మొదలవుతుంది. బస్తీ దవాఖానలో రక్తపరీక్ష అవుతుంది. కంపెనీ ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కడుతుంటే దాని డిస్పెన్సరీ, అక్కడి నుంచి నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి. కంట్రాక్టర్ మారి ఈఎస్ఐ ఆగిపోతే మళ్లీ బస్తీ దవాఖాన. కాలికి పుండు పడితే గాంధీ ఆసుపత్రి, లేదా పేదల వైద్య పథకం ఆరోగ్యశ్రీ కింద ఓ ప్రైవేటు ఆసుపత్రి. దాదాపు ఈ మెట్లన్నింటి మీదా నేడు కంప్యూటర్ ఉంది. ఒక మెట్టు మీద నమోదైన సంగతి పై మెట్టుకు చేరడానికి మాత్రం ఆ మనిషి కాళ్లే వాహనం, చేతిలోని పాలిథీన్ కవరే ఫైలు.

ఆరోగ్య సమాచార సాంకేతికత గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని కోట్ల ఐడీలు ఇచ్చాం, ఎన్ని ఆసుపత్రులను ఆన్‌లైన్ చేశాం, ఎన్ని యాప్‌లు తెచ్చాం అన్న లెక్కలే ఎక్కువ వినిపిస్తాయి. ఆ లెక్కలు అవసరమే. కానీ అవన్నీ వ్యవస్థ తన పని గురించి తాను వేసుకునే లెక్కలు. రోగి వైపు నుంచి వేయాల్సిన లెక్క వేరే ఉంది. ఒక జబ్బు నయం కావడానికో అదుపులోకి రావడానికో ఆ మనిషి ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చింది? ఆ తిరుగుళ్లలో ఎన్ని రోజుల కూలీ పోయింది? సాంకేతికత వచ్చాక ఆ సంఖ్య తగ్గితే అది వైద్యానికి సాయపడినట్టు. అందరికన్నా బలహీనుడైన రోగికి ఎక్కువగా తగ్గితే సమానత్వానికీ సాయపడినట్టు. తగ్గకపోతే, కౌంటర్ల మీద తెరలు ఎన్ని వెలిగినా రోగికి దక్కింది శూన్యం. ఈ కథనం చెప్పదలచుకున్న మాట ఇదే.

కూలీ రూపంలో కట్టే ఫీజు

తిరుగుడునే కొలబద్దగా ఎందుకు తీసుకోవాలి? ప్రభుత్వ వైద్యంలో డాక్టర్ ఫీజు లేదు, పరీక్షకు బిల్లు లేదు, గోలీలకు డబ్బు లేదు. అయినా జనం మధ్యలోనే వైద్యం మానేస్తారు. ఉచిత వైద్యానికి కూడా ఒక ధర ఉంటుంది, దాన్ని కార్మికుడు పనిరోజుల రూపంలో చెల్లిస్తాడు. పరీక్షకు రక్తం ఇవ్వడానికి ఒక పూట, రిపోర్టు తెచ్చుకోవడానికి ఇంకో పూట, దాన్ని డాక్టర్‌కు చూపించడానికి మరో పూట, ఆ రోజు లేని మందు కోసం నాలుగో పూట. నెల జీతగాడికి ఇవి సెలవు చీటీలో గీతలు. రోజు లెక్కన కూలీ తీసుకునేవాడికి పూట పోతే రోజు పోయినట్టే. దవాఖాన పనిచేసేదీ, ఫ్యాక్టరీ పనిచేసేదీ ఒకే పగటి వేళ. కాబట్టి జబ్బు ముదిరేదాకా పనే గెలుస్తుంది.

ఈఎస్ఐ చట్టం ఈ నష్టాన్ని గుర్తించింది. 1948 నాటి ఆ చట్టంతో మొదలైన పథకంలో నెలకు 21,000 రూపాయల వరకూ వేతనం ఉన్న కార్మికుడికి వైద్యంతో పాటు జబ్బు రోజులకు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు, నగదుగా అందుతుంది. ఇందుకు వేతనంలో కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. దేశంలోని శ్రామిక చట్టాల్లో ఇంత మానవీయమైనవి తక్కువ. అయితే ఆ నగదు పొందడానికి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. పైగా సాధారణంగా జబ్బు పడ్డ మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. మంచం పట్టినవారిని ఈ పథకం ఆదుకుంటుంది కానీ, రిపోర్టు కోసం పోగొట్టుకున్న ఒక్క పూటకు పరిహారం ఇవ్వలేదు. షుగర్, బీపీ, క్షయ వంటివి ఒక్కో పూట చొప్పున కూలీని నెలల తరబడి తినే జబ్బులు. చట్టం పూడ్చలేని ఈ చిన్న నష్టాలను పూడ్చగలిగేది సమాచారమే. రిపోర్టు తానే నడిచి వస్తే మనిషి నడవనక్కర్లేదు.

మనవాళ్లు చేసి చూపించినవి

ఇది ఊహాగానం కాదు. తెలుగునేల ఈ దారిలో దేశానికి ముందే అడుగులు వేసింది. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ నెలకొల్పిన టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ ఒక్క ఫోన్ కాల్‌తో దగ్గర్లోని అంబులెన్స్‌ను కదిలించే ఏర్పాటు చేసి దేశానికి నమూనా అయింది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేదవాడి ఆపరేషన్‌కు అనుమతిని ఆన్‌లైన్‌లో ఇచ్చే పద్ధతిని తెచ్చింది. అంతకుముందు గుండె ఆపరేషన్ సాయం కోసం సచివాలయానికి అర్జీ పట్టుకుని కాలికి బలపం కట్టుకుని తిరగాల్సి వచ్చేది. ఆ తిరుగుడును ఆసుపత్రిలోనే కూర్చున్న పథకం ఉద్యోగి ఆరోగ్యమిత్ర, ఆయన ముందున్న కంప్యూటర్ కలిసి తీసేశారు. ఈ పథకంపై రావాల్సిన విమర్శలు వచ్చాయి, వాటిలో ఒకదాన్ని ఈ కథనం కూడా ప్రస్తావిస్తుంది. కానీ అర్జీదారును రోగిగా మార్చిన ఘనత దానిది.

చర్లపల్లి వాసికి ఇంకా దగ్గరి ఉదాహరణ తెలంగాణ డయాగ్నొస్టిక్స్. 2018 ఏప్రిల్‌లో నగరంలో బస్తీ దవాఖానలు మొదలయ్యాయి. అదే ఏడాది జూన్‌లో నారాయణగూడలోని ఐపీఎం (వ్యాధి నివారణ వైద్య సంస్థ) ఆవరణలో కేంద్ర ప్రయోగశాల తెరుచుకుంది. బస్తీలో తీసిన రక్తం శాంపిల్ బార్‌కోడ్‌తో అక్కడికి వెళ్తుంది. పరీక్ష పూర్తయ్యాక ఫలితం దవాఖాన డాక్టర్‌కు ఆన్‌లైన్‌లో, రోగికి ఫోన్ సందేశంగా వస్తుంది. మొదట్లో 57 రకాల పరీక్షలు చేసేవారు, 2023 నాటికి 134 అయ్యాయి. 2021 జనవరిలో ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ వంటివాటి కోసం నగరంలో ఎనిమిది చిన్న కేంద్రాలు వచ్చాయి, నాచారం పక్కనున్న లాలాపేట వాటిలో ఒకటి. ఈ ఏర్పాటులో గమనించాల్సిన గుణం ఒకటుంది. ఇది రోగిని యాప్ దింపుకోమనలేదు, పాస్‌వర్డ్ గుర్తుంచుకోమనలేదు, ఏ తెర మీదా ఏమీ నొక్కమనలేదు. సాంకేతికత భారమంతా వ్యవస్థే మోసింది. రోగికి మిగిలింది చెయ్యి చాపి రక్తమివ్వడం, మళ్లీ వచ్చినప్పుడు డాక్టర్‌ను కలవడం. ప్రయోగశాల గడప తొక్కే తిరుగుడు, రిపోర్టు కోసం వరుసలో నిలబడే తిరుగుడు పోయాయి.

ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఇదే సూత్రాన్ని మరింత దూరం తీసుకెళ్లింది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఆ సంస్థ పిరమిడ్ ఆకారంలో పనిచేస్తుంది. యాభై వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం, ఐదు లక్షలకు ఒక రెండో అంచె ఆసుపత్రి, యాభై లక్షలకు ఒక పెద్దాసుపత్రి, ఆపైన బంజారాహిల్స్‌లోని ప్రధాన కేంద్రం. ఐస్మార్ట్ పేరుతో సంస్థ సొంతంగా తయారుచేసుకున్న రికార్డు వ్యవస్థ ఈ అంచెలను కలుపుతుంది. ఊళ్లో సాంకేతిక నిపుణుడు రాసిన వివరాలు పై అంచెలో డాక్టర్ తెరపై కనిపిస్తాయి. కిందివారు ఎవరిని పంపాలో, ఎవరిని పంపనక్కర్లేదో తేలుతుంది. వైద్యంలో అనవసరమైన ప్రయాణాన్ని ఆపడం కూడా చికిత్సలో భాగమేనని ఈ నమూనా చెబుతోంది. ఒకే సంస్థ, ఒకే రికార్డు, అంచెలవారీ బాధ్యత ఉన్నాయి కాబట్టి అది సాధ్యమైంది. ప్రభుత్వ వైద్యంలో కొరవడినది సరిగ్గా ఈ కలయికే.

నంబరు వేరు, రికార్డు వేరు

కార్మికుడికి ఈఎస్ఐ వ్యవస్థలో ఒక రికార్డు, ఆరోగ్యశ్రీలో ఇంకొకటి, షుగర్ బీపీల సర్వేలో మరొకటి, క్షయ ఉంటే నిక్షయ్‌లో వేరొకటి ఉంటాయి. ప్రైవేటు ల్యాబ్‌లో చేయించిన పరీక్ష ఆ ల్యాబ్ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. ఈ బావులన్నింటినీ కలిపే కాలువగా ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా మొదలైంది. ఆభా అనే పద్నాలుగు అంకెల ఆరోగ్య గుర్తింపు నంబరు దాని పునాది. 2025 నాటికి ఇలాంటి నంబర్లు 70 కోట్లు దాటాయి. ఆలోచన సరైనదే. రికార్డు ఎక్కడ పుట్టినా అక్కడే ఉంటుంది, రోగి ఒప్పుకుంటే ఇంకొక డాక్టర్ దాన్ని చూడగలుగుతాడు. కానీ తలుపుకు నంబరు వేసినంత మాత్రాన ఇల్లు కట్టినట్టు కాదు. బస్తీ దవాఖానలో చేసిన పరీక్ష ఈఎస్ఐ డాక్టర్ తెరపై, ఈఎస్ఐలో రాసిన మందు గాంధీ ఆసుపత్రి తెరపై మామూలుగా, అడగకుండా కనిపించే రోజు చర్లపల్లి కార్మికుడి అనుభవంలోకి ఇంకా రాలేదు. అది వచ్చేదాకా అదే రక్తపరీక్ష రెండోసారి, మూడోసారి జరుగుతూనే ఉంటుంది.

తెలంగాణ 2022 మార్చి 5న ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ప్రయోగాత్మకంగా హెల్త్ ప్రొఫైల్ కార్యక్రమం మొదలుపెట్టింది. సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి పరీక్షలు చేసి, ప్రతి మనిషికీ ఒక డిజిటల్ ఆరోగ్య చిత్రం తయారుచేయాలన్నది లక్ష్యం. ఇలాంటి ప్రయత్నాలకు ఉన్న బలం, రోగి కోసం ఎదురుచూడకుండా తామే గడపదాకా వెళ్లడం. వీటిని వెంటాడే బలహీనత, ఒకసారి తీసిన చిత్రం పాతబడిపోవడం. ఆరోగ్య రికార్డు పెళ్లి ఫొటో లాంటిది కాదు, చంటిబిడ్డ ఎదుగుదల కార్డు లాంటిది. ప్రతి రాకలోనూ ఒక గీత పడుతుండాలి. ఆ గీత వేసేది సర్వే బృందం కాదు, రోజూ వైద్యం చేసే డాక్టర్, నర్సు, ఫార్మసిస్టు.

ఉన్న రికార్డులు కలవకపోవడానికి సాఫ్ట్‌వేర్ ఒక్కటే కారణం కాదు, మన పేర్లు కూడా ఒక కారణం. లక్ష్మి అన్న పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక కార్డు ఒకలా, మరో కార్డు ఇంకోలా రాస్తుంది. ఇంటిపేరు ఒక చోట ముందుంటుంది, ఇంకో చోట పొడి అక్షరంగా మిగులుతుంది, మరోచోట కనిపించదు. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లలో చాలామందికి కాగితాల్లో జనవరి 1 పుట్టినరోజు. రాళ్లు, రసాయనాలు, లోహపు పొడి పట్టిన చేతుల్లో వేలిముద్ర గీతలు అరిగిపోతాయి, యంత్రం ఆ మనిషిని గుర్తించదు. ఈఎస్ఐ బీమా నంబరు జీవితకాలానికి ఒక్కటే ఉండాలన్నది నియమం. కంట్రాక్టర్ మారినప్పుడల్లా పాత నంబరు అడగకుండా కొత్తది పుట్టిస్తే, చందాల చరిత్ర ముక్కలై 78 రోజుల లెక్కే తారుమారవుతుంది. స్థిరమైన ఉద్యోగం, స్థిరమైన చిరునామా, ఒకే తీరు పేరు ఉన్నవారికి ఈ వ్యవస్థ సాఫీగా పనిచేస్తుంది. అవి లేనివారినే అది మళ్లీ మళ్లీ వెనక్కి పంపుతుంది. అసమానత ఎవరి దురుద్దేశమూ లేకుండానే ఇలా ఫారంలోని గడుల్లో చేరిపోతుంది.

చర్లపల్లి టెర్మినల్‌లో దిగే వలస కార్మికులకు ఇది మరీ నిజం. అయితే ఇక్కడ కూడా ఒక మంచి ఉదాహరణ కళ్లముందే ఉంది. క్షయ రోగుల నిక్షయ్ వ్యవస్థ దేశమంతటికీ ఒకటే. ఒడిశాలోనో బిహార్‌లోనో చికిత్స మొదలైన రోగిని అక్కడి కేంద్రం ఇక్కడి కేంద్రానికి ఆన్‌లైన్‌లో బదిలీ చేయగలదు. మందుల కోర్సు ఎక్కడిదాకా వచ్చిందో కొత్త చోట తెలుస్తుంది. పోషకాహారం కోసం ఇచ్చే నగదు, 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలై 2024 నవంబరు నుంచి 1,000 అయినది, నేరుగా ఖాతాలో పడుతుంది. క్షయకు సాధ్యమైనది షుగర్‌కు, గర్భిణి పరీక్షలకు, పిల్లల టీకాలకు అసాధ్యం కాదు.

అభ్యంతరాలకు జవాబు

డాక్టర్లు, నర్సులు, మందులు చాలని చోట కంప్యూటర్లకు డబ్బెందుకన్నది మొదటి అభ్యంతరం. ఇందులో సగం నిజముంది. డాక్టర్ లేని దవాఖానలో ఎంత మంచి రికార్డైనా గోడ మీది క్యాలెండరే. సిబ్బంది నియామకాలకు బదులుగా సాంకేతికతను చూపించే ఏ ప్రభుత్వాన్నైనా నిలదీయాల్సిందే. కానీ రెండో సగం చూడాలి. ఉన్న కొద్దిమంది డాక్టర్ల సమయం ఎక్కడ పోతోంది? రోగి పాత మందులేవో తెలియక మొదటి నుంచి అడగడంలో, చేసిన పరీక్షనే మళ్లీ రాయడంలో, ఏ ఆసుపత్రికి పంపాలో తెలియక ఊహ మీద చీటీ రాయడంలో. కొరత ఉన్నచోటే సమాచారం విలువ పెరుగుతుంది. కాబట్టి ఈ రెంటినీ పోటీ పెట్టకూడదు. డాక్టర్ల నియామకం ముందు, వారి సమయాన్ని కాపాడే రికార్డు ఆ వెంటనే.

రెండో అభ్యంతరం సిబ్బంది నుంచి వస్తుంది, దాన్ని మరింత శ్రద్ధగా వినాలి. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఇప్పటికే రిజిస్టర్లు రాస్తున్నారు, వాటితోపాటు ఒక్కో పథకానికి ఒక్కో యాప్ నింపుతున్నారు. ఒకే గర్భిణి పేరు మూడు చోట్ల ఎక్కుతుంది. పైఅధికారికి నివేదిక చేరుతుంది, గర్భిణికి పలకరింపు తగ్గుతుంది. ఆన్‌లైన్ పని భారమని వారు ఆందోళనల్లో చెప్పే మాటను సాంకేతికత మీద వ్యతిరేకతగా కొట్టిపారేయడం అన్యాయం. దీనికి జవాబు యాప్‌లు మానేయడం కాదు. ఒక వివరం ఒక్కసారే నమోదు కావాలి, మిగతా చోట్లకు అదే వెళ్లాలి. కొత్త యాప్ తెచ్చిన రోజున ఏ రిజిస్టర్ మూసేస్తున్నారో అదే ఉత్తర్వులో చెప్పాలి. రోగి తిరుగుడుకు వేసిన కొలబద్దే సిబ్బందికీ వర్తిస్తుంది. వారి చేతిరాతలో, వేళ్ల పనిలో ఎంత తగ్గిందన్నదే ప్రశ్న.

మూడోది, ఫోన్ లేనివాళ్ల మాటేమిటన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవారు 57.1 శాతం, ఆడవారు 33.3 శాతం. తెలంగాణ మహిళల్లో అది 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 21 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగే ఉంటాయి, కానీ ఇంట్లో ఉన్న స్మార్ట్‌ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్న అలాగే ఉంది. రికార్డు చూడటానికి రోగి అనుమతి కావాలి, ఆ అనుమతి ఓటీపీ రూపంలో ఫోన్‌కు వస్తుంది. ఆ ఫోన్ భర్తదైతే? గర్భస్రావం గురించో, మానసిక వేదన గురించో డాక్టర్‌తో చెప్పుకున్న స్త్రీ అనుమతి ఇంకొకరి జేబులో మోగుతుంది. కాబట్టి ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్‌తో పాటు మనిషి కూడా ఉండాలి, కాగితపు చీటీ హక్కుగా దొరకాలి, ఐడీ లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం ఆగకూడదు. ఆభా ఐచ్ఛికమేనని నిబంధనలు చెబుతున్నాయి. ఆ మాట కౌంటర్ మీద తెలుగులో, హిందీలో, ఉర్దూలో రాసి ఉండాలి. అలాగే రోగికి వచ్చే సందేశం కూడా. అంకెలు, ఇంగ్లిష్ పేర్లు నిండిన రిపోర్టు చేతికి వచ్చినా, ‘మీ షుగర్ ఎక్కువగా ఉంది, ఈ వారంలో డాక్టర్‌ను కలవండి’ అన్న ఒక్క తెలుగు వాక్యం లేకపోతే ఆ రిపోర్టు అర్థం అడగడానికే ఇంకో తిరుగుడు పడుతుంది.

గోప్యత నాలుగోది, అన్నింటికన్నా బరువైనది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగి దాదాపు రెండు వారాలు సేవలు కాగితం మీద నడిచాయి. దేశంలోకెల్లా పేరున్న ఆసుపత్రికే ఆ గతి పడితే చిన్న కేంద్రాల రక్షణ ఏమిటన్న భయం సహజం. కార్మికవాడలో ఇంకో భయం కూడా ఉంది. జబ్బు సంగతి యజమానికి తెలిస్తే ఉద్యోగం ఉంటుందా? జబ్బు ప్రయోజనం పొందుతున్న కాలంలో కార్మికుణ్ని తొలగించరాదని 1948 నాటి ఈఎస్ఐ చట్టంలోని 73వ సెక్షన్ చెప్పింది. కానీ కంట్రాక్ట్ పొడిగించకపోవడానికి కారణం చెప్పనక్కర్లేని చోట ఆ రక్షణ పలుచనవుతుంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఈ హక్కును రోగి చేతికి అందించడానికి ఎస్టోనియా ఒక దారి చూపింది. అక్కడ పౌరుడు తన ఆరోగ్య రికార్డును ఎవరెవరు, ఎప్పుడు తెరిచారో తానే చూసుకోగలడు. అలాంటి చూపు మనకూ కావాలి. ఎవరు తెరిచారన్న జాబితా రోగికి అడిగిన వెంటనే చదివి వినిపించే బాధ్యత ఆసుపత్రిది కావాలి. యజమానికి చేరేది ‘పనికి తగినవాడు, తగనివాడు’ అన్న ధ్రువపత్రం వరకే. ఒక మాట మరవకూడదు. కాగితమూ గుట్టు దాచదు. కౌంటర్ మీద తెరిచి పడున్న రిజిస్టర్‌ను ఎవరు చదివారో ఏ లెక్కలోనూ ఉండదు.

యంత్రం పక్షపాతం లేనిదన్న నమ్మకాన్ని కూడా వదులుకోవాలి. కొవిడ్ కాలంలో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సీమీటర్ నల్లని చర్మం ఉన్నవారిలో ప్రమాదకరంగా తగ్గిన ఆక్సిజన్‌ను తెల్లవారిలో కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువగా గుర్తించలేకపోయిందని 2020 డిసెంబరులో అమెరికా పరిశోధకులు వెల్లడించారు. అక్కడే 2019లో వెలువడిన మరో పరిశోధన, ఎవరికి అదనపు వైద్య సాయం అవసరమో తేల్చే ఒక సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించింది. అది రోగి అవసరాన్ని గతంలో అయిన ఖర్చుతో కొలిచింది. వైద్యం అందక తక్కువ ఖర్చయిన నల్లజాతి రోగులను తక్కువ జబ్బున్నవారిగా లెక్కగట్టింది. ఆ లోపం సరిదిద్దితే సాయం పొందేవారిలో వారి వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరిగేదని తేలింది. మనకు ఇందులోని పాఠం సూటిగా తగులుతుంది. కూలీ పోతుందని దవాఖానకు రానివాడి పేరు మన రికార్డుల్లో ఉండదు. ఆ రికార్డుల మీద నడిచే ఏ కృత్రిమ మేధ అయినా అతణ్ని ఆరోగ్యవంతుడిగానే భావిస్తుంది. రానివారిని వెతుక్కుంటూ వెళ్లే ఆశా కార్యకర్త నోట్‌బుక్ లేకుండా ఏ లెక్కా న్యాయంగా ఉండదు.

వృత్తి అనే గడి

సరిగా కూడబెట్టిన సమాచారం ఒక్కో రోగికే కాకుండా బస్తీ మొత్తానికీ మేలు చేస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆసుపత్రుల్లో చిన్న వయసు పేద స్త్రీలకు అవసరం లేకుండా గర్భసంచి తొలగిస్తున్నారన్న ఆందోళన బలపడినప్పుడు, ప్రభుత్వం ఆ ఆపరేషన్‌ను పథకం కింద ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేసింది. దేశంలోని ఇతర రాష్ట్రాల్లోనూ ఇదే అన్యాయం జరిగిందన్న కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మార్గదర్శకాల అమలుకు ఆదేశాలిచ్చింది. ప్రతి ఆపరేషన్‌కూ వయసు, ఊరు, ఆసుపత్రి నమోదయ్యే పథకంలో ఇలాంటి పోకడలు ముందే కనిపెట్టవచ్చు. చూసే కన్ను ఉండాలి, చూసినది ప్రజల ముందు పెట్టే ధైర్యం ఉండాలి.

చర్లపల్లి, నాచారాలకు ఈ విషయంలో మరీ ముఖ్యమైన అవసరం ఉంది. చట్టం ప్రకారం, సీసం విషప్రభావం, సిలికోసిస్ వంటి వృత్తి రోగాలను గుర్తించిన డాక్టర్ వాటిని ఫ్యాక్టరీల శాఖకు తెలియజేయాలి. ఈఎస్ఐ పథకం వృత్తి రోగాన్ని పని ప్రమాదంతో సమానంగా చూసి పరిహారమిస్తుంది. కానీ దగ్గుతో వచ్చిన మనిషిని ఏ పని చేస్తావని, ఎన్నేళ్లుగా చేస్తున్నావని ఓపీ చీటీ అడగదు. అడగకపోతే అది మామూలు దగ్గుగా, ఆపై ఆస్తమాగా, మహా అయితే క్షయ అనుమానంగా నమోదవుతుంది. రికార్డులో వృత్తికి ఒక్క గడి చేర్చితే, ఒకే యూనిట్ నుంచి ఒకే రకం చర్మవ్యాధితోనో ఊపిరితిత్తుల బాధతోనో వచ్చేవారు గుంపుగా కనిపిస్తారు. వ్యక్తి పేరు బయటపెట్టకుండానే ఆ షెడ్డులో గాలి మార్చమని చెప్పవచ్చు. ఒక్కడి వైద్యం పదిమందికి నివారణ అవుతుంది. మనకు తెలిసినంతలో ఆరోగ్య సాంకేతికత చేయగల అత్యంత న్యాయమైన పని ఇదే.

ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు

ఇవన్నీ ఒక్కసారిగా రాష్ట్రమంతా జరగాలని కోరడం తేలిక, చేయడం కష్టం. చర్లపల్లి, మల్లాపూర్, నాచారం, ఉప్పల్ కలిసిన ఈ తూర్పు భాగం మొదటి అడుగుకు తగిన కొలత. బస్తీ దవాఖానలు, ఈఎస్ఐ డిస్పెన్సరీలు, నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి, లాలాపేట పరీక్షా కేంద్రం కొద్ది కిలోమీటర్ల లోపే ఉన్నాయి. రాష్ట్ర వైద్యశాఖ, ఈఎస్ఐ ఒక అవగాహనకు వచ్చి, రోగి ఒప్పుకుంటే ఒకరి రక్తపరీక్ష ఫలితం, మందుల జాబితా ఇంకొకరి తెరపై కనిపించేలా చేస్తే చాలు, మొదటి ఏడాదికి అంతకన్నా పెద్ద లక్ష్యం అక్కర్లేదు. ఈఎస్ఐ ఆగిన కార్మికుడి రికార్డు ఆగకూడదు, బస్తీ దవాఖానలో అదే చికిత్స అదే మోతాదుతో కొనసాగాలి. షిఫ్ట్ ముగిశాక చేరుకునేలా వారంలో కొన్ని సాయంత్రాలైనా దవాఖాన తెరిచి ఉండాలి, ఎందుకంటే ఏ సాఫ్ట్‌వేరూ మూసిన తలుపు తెరవలేదు.

ఏడాది చివర ఫలితం ప్రకటించేటప్పుడు ఎన్ని ఐడీలు సృష్టించామన్నది కాకుండా మూడు అంకెలు చెప్పాలి. కొత్తగా షుగర్ తేలిన మనిషికి మొదటి మందు అందేదాకా సగటున ఎన్ని రాకలు పట్టాయి, అందులో ఎన్ని పరీక్షలు రెండోసారి జరిగాయి, మధ్యలో రావడం మానేసినవారు ఎందరు. ఈ అంకెలను ఆడవారికి, మగవారికి, సొంత ఇంటివారికి, వలస వచ్చినవారికి, పర్మినెంట్ కార్మికుడికి, కంట్రాక్ట్ కార్మికుడికి విడివిడిగా, బస్తీ పేరుతో సహా ప్రకటించాలి. సగటు బాగుందని తృప్తి పడితే వెనకబడినవారు ఆ సగటులో కలిసి మాయమవుతారు. టీడీసీ కంప్యూటర్లు కట్టిన చేతులున్న ప్రాంతానికి ఈ లెక్క పెద్ద కష్టం కాదు. కావాల్సింది లెక్క వేయాలన్న పట్టుదల, వేసిన లెక్కను దవాఖాన గోడ మీద తెలుగులో రాసి పెట్టే నిజాయితీ. ఆ గోడ ముందు నిలబడిన కార్మికుడు, నిరుడు ఆరు పూటలు పోయాయి, ఈసారి రెండే పోయాయని తనే పోల్చుకోగలిగితే, మిగిలిన నాలుగు పూటల కూలీ అతడి ఇంట్లో ఉంటుంది. మందులూ మానకుండా ఉంటాడు.